అనంతపురంలో ఇంటి నుంచి పనా, బెంగళూరులో ఆఫీసా? రాత్రుల లెక్క వేసి చూడండి

సంక్రాంతికి అనంతపురంలో పుట్టింటికి వెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు ఫోన్‌లో రెండు ఆఫర్ లెటర్లు చూపించి, "అక్కా, ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. ఒకటి బెంగళూరు కంపెనీది. వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు వెళ్లాలి, చేతికి 38 వేలు వస్తుంది. రెండోది హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీది. పూర్తిగా ఇంటి నుంచే పని, చేతికి 30 వేలు. ఇంజినీరింగ్ అయిపోయి ఆరు నెలలైంది, వాడికి ఇదే మొదటి ఉద్యోగం. పిన్నికేమో కొడుకు కళ్లముందే ఉంటే చాలు. బాబాయి మాత్రం బెంగళూరు వెళ్లి నాలుగు విషయాలు నేర్చుకోవాలంటాడు.

నేను ఈ రెండు రకాలుగానూ పనిచేశాను. 2018లో బెంగళూరులో పీజీ హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం మొదలుపెట్టాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టే ముందు ఒక బ్యాగు, ఒక లాప్‌టాప్‌తో అనంతపురం వచ్చేశాను. మధ్యలో పెళ్లయి కర్నూలు వెళ్లాను. మూడేళ్లకు పైగా ఇంటి నుంచే పనిచేశాక, అందరూ ఆఫీసుకు రావాలని కంపెనీ పిలిచింది. అప్పుడు పడిన ఇబ్బందులతోనే ఇప్పుడు చెప్పబోయే సంగతులు చాలావరకు తెలిశాయి.

ఇంటి పని, ఆఫీసు పని పోలుస్తూ మనకు దొరికే సలహాల్లో ఎక్కువ భాగం నగరంలోనే ఇల్లు ఉన్నవాళ్ల కోసం చెప్పినవి. వాళ్లు తూచేది ఇంటికీ ఆఫీసుకూ మధ్య ట్రాఫిక్‌లో పోయే గంటన్నరను. మన రాయలసీమవాళ్ల సంగతి వేరు. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్లు దాటుతుంది. కర్నూలు నుంచి హైదరాబాద్ కూడా దాదాపు అంతే. కడపవాళ్లకు బెంగళూరు అయినా, చెన్నై అయినా 250 కిలోమీటర్లకు అటూ ఇటూ. మనం ఆఫీసు ఎంచుకున్నామంటే ఊరు మారినట్టే. అందుకే వారానికి ఎన్ని రోజులు ఆఫీసు అని కాకుండా, నెలకు ఎన్ని రాత్రులు సొంత ఇంట్లో పడుకుంటాం అని లెక్క వేయమని తమ్ముడికి చెప్పాను.

హైబ్రిడ్ అనే మాట దగ్గర ఆగండి

కొన్ని రోజులు ఇల్లు, కొన్ని రోజులు ఆఫీసు అనగానే రెండింటిలో మంచీ మనకే దక్కుతుందనిపిస్తుంది. బెంగళూరులో ఇల్లున్నవాళ్లకు అది నిజమే కావచ్చు. మనకు మాత్రం ఆ రోజులు ఎలా పంచారన్న దాన్ని బట్టి అది వరమైనా అవుతుంది, అన్నిటికంటే అధ్వానంగానైనా తయారవుతుంది.

పెద్ద కంపెనీల నియమాలే చూడండి. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారంలో ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. విప్రో అదే ఏడాది నవంబర్ నుంచి వారానికి మూడు రోజులు తప్పనిసరి చేసింది. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి చాలామంది ఉద్యోగులకు నెలకు కనీసం పది రోజులు అని పెట్టింది. వారానికి మూడు రోజులంటే నెలకు పన్నెండు. పదికీ పన్నెండుకూ పెద్ద తేడా లేదని నగరంలో ఉన్నవాళ్లు అనుకోవచ్చు. మనకు ఆ రెండు రోజుల తేడా కంటే పంపకంలోని తేడా ముఖ్యం. వారానికి మూడు రోజులైతే నెలకు నాలుగు సార్లు వెళ్లి రావాలి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి ఒక్కో వైపు ఐదు గంటలు వేసుకుంటే నెలకు నలభై గంటలు రోడ్డు మీదే పోతాయి, అంటే ఒక వారం పని గంటలు. నెలకు పది రోజుల నియమం ఉండి, వాటిని వరసగా చేసుకోనిస్తే ఒక్కసారి వెళ్లి వస్తే సరిపోతుంది. మిగతా నెలంతా ఇంట్లోనే ఉండొచ్చు.

బెంగళూరు ఉద్యోగం వదిలి హైదరాబాద్ కంపెనీలో చేరాక నేను మూడు రోజుల పద్ధతిలో ఏడు నెలలు కర్నూలు నుంచి హైదరాబాద్ తిరిగాను. సోమవారం రాత్రి బస్సు ఎక్కడం, గురువారం రాత్రి మళ్లీ బస్సు ఎక్కడం. వారానికి రెండు మూడు రాత్రులే ఉంటానన్నా పీజీ వాళ్లు నెల అద్దె మొత్తం తీసుకుంటారు. అక్కడ పీజీకి, ఇక్కడ ఇంటికి, మధ్యలో బస్సుకు, ఇలా జీతం మూడు చోట్ల ఖర్చయ్యేది. శుక్రవారం ఇంట్లో లాగిన్ అయితే నిద్ర ముంచుకొచ్చేది. చివరికి మేనేజర్‌ను అడిగి రోజులన్నీ ఒకే చోట కలిపి, రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇక్కడ ఉండేలా మార్చుకున్నాక ప్రాణం కుదుటపడింది. అడగకముందు వాళ్లకు నా ఇబ్బంది తెలియదు. నేను నగరంలోనే ఉంటున్నానని అనుకున్నారు.

రైళ్ల గురించి కూడా ఒక మాట. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ కాచిగూడ, బెంగళూరు యశ్వంతపూర్ మధ్య మొదలైన వందే భారత్ కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్తుంది కాబట్టి ఇక రోజూ తిరగొచ్చేమో అని మా బంధువుల్లో ఇద్దరు ఆశపడ్డారు. అది పొద్దున్నే కాచిగూడలో బయలుదేరి మధ్యాహ్నానికి యశ్వంతపూర్ చేరి, మధ్యాహ్నమే వెనక్కి తిరుగుతుంది. సోమవారం పొద్దున తొమ్మిదికి సీట్లో ఉండాల్సినవాళ్లకు ఆ సమయాలు కుదరవు. ఆదివారం రాత్రి బస్సే గతి.

డబ్బు లెక్క

తమ్ముడి విషయంలో కాగితం మీద వేసిన లెక్క ఇది. ఇవి మా ఇంటి అంకెలు, మీవి మీరు వేసుకోండి. బెంగళూరులో ఇద్దరుండే గదిలో, భోజనంతో కలిపి పీజీకి 10,000. ఆఫీసుకు వెళ్లిరావడానికి 2,500. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది కాబట్టి ఆఫీసు దూరమైతే ఇది ఇంకా పెరుగుతుంది. సెలవు రోజుల్లో బయట తిండి, చిల్లర ఖర్చులకు 3,500. నెలకు రెండు సార్లు ఊరికి వచ్చి వెళ్లడానికి 2,000. మొత్తం 18,000.

ఇంట్లో ఉంటే రెండు నెట్ కనెక్షన్లకు 1,000, అదనపు కరెంటుకు 1,000. ఇన్వర్టర్, బ్యాటరీ, మంచి కుర్చీ, టేబుల్ కలిపి ఒకసారి 34,000 పెట్టాలి. నాలుగేళ్లకు పంచితే నెలకు 700 పడుతుంది. అమ్మ చేతికి 5,000. మొత్తం 7,700. తేడా పది వేల పైచిలుకు. అంటే ఇంటి ఉద్యోగం జీతం పది వేలు తక్కువైనా చేతిలో మిగిలేది సమానం. వాడి రెండు ఆఫర్ల మధ్య తేడా ఎనిమిది వేలే కాబట్టి డబ్బు వరకే చూస్తే ఇంటి ఉద్యోగమే రెండు వేలు ఎక్కువ మిగులుస్తుంది.

ఒంటరి కుర్రాడి లెక్క ఇది. పెళ్లయి పిల్లలున్నవాళ్లకు తేడా దీనికి మూడింతలైనా అవుతుంది. బెంగళూరులో రెండు పడక గదుల ఇల్లు తీసుకోవాలంటే అద్దె ఒక ఎత్తు, ఇంటి యజమాని అడిగే అడ్వాన్సు ఇంకో ఎత్తు. ఐదారు నెలల నుంచి పది నెలల అద్దె దాకా ముందే కట్టమంటారు. ఆ డబ్బు కోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్లను చూశాను. స్కూలు ఫీజు కూడా కలిపితే, ఊళ్లో సొంత ఇల్లు ఉన్న కుటుంబం నగరానికి మారాలంటే జీతం పాతిక, ముప్పై వేలు పెరిగితేనే గిట్టుబాటు.

సొంత ఇంట్లో ఉంటే అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు పోతుందని కొందరు భయపడతారు. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు ఎవరికీ లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి ఏడాదికి 12 లక్షల 75 వేల దాకా జీతం ఉన్నవాళ్లకు ఆ విధానంలో ఆదాయ పన్నే పడదు. కాబట్టి చాలామందికి ఇది అడ్డంకి కాదు.

ఒక్క ఖర్చు మాత్రం కాగితం మీదికి రాదు. ఇంట్లో ఉండే కొడుకు దగ్గరో కూతురి దగ్గరో డబ్బుంటుందని అందరికీ తెలుస్తుంది. బోరు మోటారు కాలితే మీరే, మేనమామ కూతురి పెళ్లికి చదివింపులూ మీరే. అది భారమని అనడం లేదు, ఎంతైనా మనవాళ్లే. ముందే ఒక అంకె అనుకుని నెల మొదట్లోనే అమ్మకు ఇచ్చేస్తే తర్వాత మాటా మాటా రాదు.

గది, కరెంటు, నెట్

ఈ విషయంలో నేను కాస్త కఠినంగా చెబుతాను. తలుపు వేసుకోగలిగే గది లేకపోతే ఇంటి ఉద్యోగం ఒప్పుకోకండి. హాల్లో టీవీ పక్కన కూర్చుని మూడు నెలలు నెట్టుకురావచ్చు, మూడేళ్లు కుదరదు. మీటింగ్‌లో ఉండగా గ్యాస్ సిలిండర్ వస్తుంది, చుట్టాలు వస్తారు, వీధిలో వినాయకుడి మండపం మైకు మొదలవుతుంది. "ఇంట్లోనే ఉన్నావు కదా, ఒక్కసారి బ్యాంకుకు పోయిరా" అని నాన్న అంటాడు. ఆయన తప్పేమీ లేదు. పనంటే బయటికి వెళ్లి చేసేదని ఆయన జీవితమంతా చూశాడు. తలుపు మూసి ఉంటే పనిలో ఉన్నట్టు, తెరిచి ఉంటే ఖాళీగా ఉన్నట్టు అని మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. అది అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది.

మా పిన్ని వాళ్లింట్లో ఖాళీగా ఉన్నది మిద్దె మీద రేకుల గది ఒక్కటే. జనవరిలో అందులో కూర్చుంటే హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మూడు ఊళ్లలోనూ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, రేకుల కింద ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా అక్కడ మనిషి ఉండలేడు. ఏసీ పెడితే రోజుకు పది యూనిట్ల దాకా కాలుతుంది, బిల్లు పై శ్లాబులోకి పోతుంది. నాపరాయి పరిచిన కింది గదిలో, పడమటి ఎండ తగలని వైపు టేబుల్ వేసుకుంటే ఫ్యానుతోనే గడిచిపోతుంది. ఏ గదిలో పనిచేయాలో తేల్చుకునేటప్పుడు జనవరిలో కాదు, మే నెలలో ఆ గది ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి.

కరెంటుకు ఇన్వర్టర్ తప్పనిసరి. ఫ్యాను, లాప్‌టాప్, రూటర్ మూడూ కలిపి 150 వాట్లకు మించవు. 150 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటుంటే ఆరేడు గంటలు నడిపిస్తుంది. అయితే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మన ఇంట్లో రూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు. వీధిలో కేబుల్ ఆపరేటర్ బిగించిన పెట్టెకు కరెంటు పోయి ఉంటుంది. కనెక్షన్ తీసుకునే ముందు ఆ పెట్టెకు బ్యాటరీ ఉందా అని అడగండి. వీలైతే ఎదురింటివాళ్లనూ అడగండి, వాళ్లు నిజం చెబుతారు. రెండో కనెక్షన్ వేరే కంపెనీదై ఉండాలి, అదే స్తంభం మీదుగా వచ్చేదైతే రెండూ ఒకేసారి పోతాయి. స్పీడ్ విషయంలో అందరూ డౌన్‌లోడ్ చూసి మురిసిపోతారు. వీడియో మీటింగ్‌లో మన మాట అవతలివాళ్లకు చేరేది అప్‌లోడ్ మీదే. మూడు నాలుగు ఎంబీపీఎస్ తగ్గకుండా ఉంటే చాలు. కానీ అది రాత్రి ఎనిమిదికి, వీధంతా సినిమాలు చూసే వేళలో కూడా తగ్గకూడదు. ఆ సమయంలోనే టెస్టు చేయండి.

అమెరికా టీముతో పనైతే వాళ్ల తూర్పు తీరానికీ మనకూ తొమ్మిదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదిన్నర. రాత్రంతా పనిచేసి పొద్దున ఆరుకు పడుకుంటే, ఇంట్లో అప్పుడే ముగ్గుతో రోజు మొదలవుతుంది. మిక్సీ, పాలవాడు, పక్కింటి పెద్దమ్మ పలకరింపు. రాత్రి షిఫ్టు ఉద్యోగానికైతే ఇల్లు అంత అనువు కాదని నా అనుభవం.

మొదటి రెండేళ్లు

డబ్బు లెక్కలో ఇల్లు గెలిచింది, పిన్ని సంతోషపడింది. అయినా నేను వాడిని బెంగళూరు వెళ్లమనే చెప్పాను.

నా మొదటి ఉద్యోగంలో ఏం నేర్చుకున్నానని వెనక్కి తిరిగి చూస్తే, శిక్షణ తరగతుల కంటే పక్క సీటు దగ్గర విన్నదే ఎక్కువ. సీనియర్ ఒకామె క్లయింటుతో ఫోన్‌లో మాట్లాడుతుంటే, పని ఆలస్యమవుతోందని అబద్ధమాడకుండా ఎలా చెప్పాలో విన్నాను. తప్పు ఎక్కడుందో దొరక్క రెండు గంటలు కొట్టుకుంటుంటే, వెనక నుంచి వెళ్తూ ఒకతను స్క్రీన్ చూసి "ఆ మూడో లైన్ చూడు" అని పోయాడు. ఇంట్లో కూర్చున్న కొత్త ఉద్యోగికి ఆ మనిషి దొరకడు. సందేహం మెసేజ్‌గా టైపు చేయాలి. ఇంత చిన్నదానికి అడిగితే ఏమనుకుంటారో అని సంకోచిస్తూ సాయంత్రం దాకా గడిపేస్తాడు. పని ఆలస్యమవుతుంది, టీమ్ లీడ్‌కు కనిపించేది ఆ ఆలస్యం ఒక్కటే.

మన సీమ పిల్లలకు ఇంకొకటి ఉంది. బాగా చదివినవాళ్లే, పని వచ్చినవాళ్లే, కానీ మీటింగ్‌లో నోరు తెరవాలంటే టెన్షన్. తెలుగు మీడియంలో చదివిన నేనూ అంతే. మొదటి ఆరు నెలలు మీటింగ్‌లో "ఎస్", "ఓకే" తప్ప ఇంకో మాట రాలేదు. ఆ భయం పోయింది మీటింగుల్లో కాదు, టీ కొట్టు దగ్గర. బిహార్ అమ్మాయి, కేరళ అబ్బాయి, వాళ్ల ఇంగ్లిషూ తప్పులతోనే ఉంటుందని, ఎవరూ నవ్వరని అక్కడ తెలిసింది. కెమెరా ఆపేసి ఇంట్లో కూర్చుంటే ఆ భయం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. ఇంటర్వ్యూలో గెలిచే తెలివి ఉండి కూడా ఈ ఒక్క కారణంతో ఆరేళ్లుగా అదే జీతం దగ్గర ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, చైనాలో ట్రిప్ డాట్ కామ్ అనే ప్రయాణాల కంపెనీలో రెండుసార్లు పరీక్ష చేసి చూశారు. 2010లో మొదలైన మొదటి పరీక్షలో కాల్ సెంటర్ ఉద్యోగులు తొమ్మిది నెలలు ఇంటి నుంచి పనిచేశారు. పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయితే ఇంటి నుంచి పనికి ఎవరిని అనుమతించారో చూడండి. కంపెనీలో ఆరు నెలలైనా పనిచేసి ఉండాలి, ఇంట్లో విడిగా ఒక గది ఉండాలి, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి. అంత బాగా పనిచేసినా ప్రమోషన్లలో వాళ్లు వెనకబడ్డారు. తొమ్మిది నెలలు గడిచాక దాదాపు సగం మంది ఒంటరితనం భరించలేమంటూ ఆఫీసుకే తిరిగొచ్చారు. రెండో పరీక్ష 1,612 మందితో జరిగింది, ఫలితాలు 2024లో వచ్చాయి. వారానికి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు పద్ధతిలో మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ప్రమోషన్లకు ఏ నష్టమూ జరగలేదు. హైబ్రిడ్ మంచిదనడానికి అందరూ చూపించేది దీన్నే. కానీ వాళ్లలో ఎక్కువమంది రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే దూరంలో ఉన్నవాళ్లే, బస్సులో ఐదు గంటలు ప్రయాణం చేసేవాళ్లు కారు.

అనుభవం ఐదేళ్లు దాటినవాళ్లకు నా సలహా తిరగబడుతుంది. పని చేతికి వచ్చింది, ఎవరిని ఏం అడగాలో తెలుసు, పది మందికి మీరెవరో తెలుసు. ఆ దశలో ఇంటి నుంచి పని దొరికితే, గది కుదిరితే, జీతం కొంచెం తగ్గినా తీసుకోండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లుంటే. మా నాన్నకు గుండెకు ఆపరేషన్ అయినప్పుడు నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నెల రోజులు పొద్దున మాత్రలు ఇచ్చి లాగిన్ అయ్యేదాన్ని, మధ్యాహ్నం ఆయనతో కలిసి రాగి సంగటి తిని మళ్లీ పనిలో కూర్చునేదాన్ని. ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. అదే బెంగళూరులో ఉంటే పది రోజులు సెలవు పెట్టి, తర్వాత ఆయన్ను అమ్మ ఒక్కదాని మీద వదిలి వెళ్లాల్సి వచ్చేది.

ఆడవాళ్ల సంగతి

ఇంటి నుంచి పని ఆడవాళ్లకు ఎంతో సౌకర్యమని అంటుంటారు. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కూడా మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని అవకాశాలు తెస్తామని ప్రకటించారు. కాన్పు తర్వాత ఉద్యోగం మానేయకుండా నిలబడటానికి ఇది నిజంగా పనికొస్తుంది. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలైంది, 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే. సెలవు అయ్యాక, పని స్వభావం అందుకు కుదిరితే, యజమానీ ఉద్యోగీ మాట్లాడుకుని ఇంటి నుంచి పని కొనసాగించవచ్చని అందులోనే ఉంది. ఈ సంగతి హెచ్ఆర్ వాళ్లు తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి.

కానీ బిడ్డను ఒడిలో పెట్టుకుని ఉద్యోగం చేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. పని గంటల్లో బిడ్డను చూసుకునే ఇంకో మనిషి ఉండాల్సిందే. అత్తగారు ఉంటే ఆమెతో, లేకపోతే ఆయాతో ముందే మాట్లాడుకోవాలి. ఉద్యోగమూ వంటా రెండూ ఇంట్లోనే ఉంటే రెండూ మీ మీదే పడతాయి. పదకొండింటి మీటింగుకు ముందు ఇద్దరికి ఉగ్గాని, ఒకరికి దోసె చేసి పెట్టి చెమటతో కెమెరా ముందు కూర్చున్న రోజులు నాకున్నాయి. ఆఫీసుకు వెళ్లిన నెలల్లో మా ఆయన పొద్దున టిఫిన్ చేయడం నేర్చుకున్నారు. నేను ఇంట్లో ఉన్నంత కాలం ఆ అవసరం ఎవరికీ కనిపించలేదు. ఇల్లు ఎంచుకునే ముందు భర్తతో, అత్తమామలతో పనుల పంపకం మాట్లాడుకోండి, తర్వాత మాట్లాడటం కష్టమవుతుంది.

రాత్రి షిఫ్టు ఉండి, నగరంలో ఒంటరిగా ఉండాల్సి వస్తే, ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఇస్తారా అని ఆఫర్ ఒప్పుకోకముందే అడగండి.

ఊళ్లోనే చిన్న ఆఫీసు

ఇల్లూ, నగరమూ కాకుండా ఇంకో దారి ఉంది, దీన్ని చాలామంది ఆలోచించరు. కర్నూలులో మాకు తెలిసిన నలుగురు, నాలుగు వేర్వేరు కంపెనీల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, కలిసి ఒక రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. అద్దె, ఏసీ కరెంటు, రెండు నెట్ కనెక్షన్లు అన్నీ కలిపి ఒక్కొక్కరికి నెలకు నాలుగు వేల లోపే పడుతోంది. పొద్దున టిఫిన్ చేసి బండి మీద పది నిమిషాల్లో వెళ్తారు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తింటారు, సాయంత్రం ఏడుకు తాళం వేస్తారు. ఇంట్లోవాళ్లకు వాళ్లు ఆఫీసుకు వెళ్లినట్టే కనిపిస్తుంది కాబట్టి మధ్యలో పనులు చెప్పరు. పెళ్లి చూపుల్లో "అబ్బాయి ఇంట్లోనే కూర్చుంటాడా?" అనే ప్రశ్న కూడా రావడం లేదట. ఒంటరితనమూ లేదు. ఒకరి కంపెనీలో ఖాళీ వస్తే ఇంకొకరికి తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త. క్లయింటు సమాచారం వేరేవాళ్లకు కనపడకూడదన్న నియమం ఉన్న పనులు ఉంటాయి. మెడికల్ కోడింగ్, బ్యాంకు పనులు అలాంటివి. వాళ్లు కంపెనీని అడిగి, విడి గది తీసుకోవాలి.

గదిలేని ఇంటివాళ్లకు, అనుభవం ఉండి ఊళ్లోనే ఉండాలనుకునేవాళ్లకు ఇప్పుడున్న వాటిలో ఇదే మేలైన దారి అని నా నమ్మకం.

ఒప్పుకునే ముందు

ఫోన్‌లో "రిమోట్ అండీ" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ఆఫర్ లెటర్‌లో బేస్ లొకేషన్ అని ఒక ఊరు రాస్తారు. అక్కడ బెంగళూరు అని ఉంటే, ఎప్పుడైనా అక్కడికి రమ్మనే హక్కు కంపెనీకి ఉన్నట్టే. నాకు జరిగింది అదే. మూడేళ్లు ఇంటి నుంచి పని చేయించుకుని, ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్ పెట్టారు, నెలలోపు ఆఫీసులో ఉండాలని. అప్పటికి కర్నూలులో కాపురం పెట్టి ఏడాదైంది. లెటర్ తీసి చూస్తే నా ఊరు బెంగళూరనే ఉంది, వాదించడానికి ఏమీ మిగల్లేదు. రాజీనామా చేసి హైదరాబాద్ కంపెనీ వెతుక్కున్నాను. అందుకని మెయిల్‌లోనే అడగండి: నా బేస్ లొకేషన్ ఏది, నెలకు ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, ఆ రోజులు వరసగా చేసుకోవచ్చా, నియమం మారితే ఎంత ముందుగా చెబుతారు, బోనస్‌కూ హాజరుకూ లంకె ఉందా. చివరిది తేలిగ్గా తీసుకోకండి. 2024లో టీసీఎస్ త్రైమాసిక వేరియబుల్ పేను ఆఫీసు హాజరుతో ముడిపెట్టి, ఆ డబ్బు పూర్తిగా చేతికి అందాలంటే 85 శాతం పైన హాజరుండాలని పెట్టింది.

ఇంటి నుంచి పని కోసం వెతికేవాళ్లనే మోసగాళ్లు కూడా వెతుకుతున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నా, లాప్‌టాప్ పంపడానికి డిపాజిట్ అడిగినా, టెలిగ్రామ్‌లో రివ్యూలు రాస్తే డబ్బులిస్తామన్నా అది ఉద్యోగం కాదు. మొదట రెండు వందలు నిజంగానే వేస్తారు, నమ్మకం కుదిరాక వేలు లాగుతారు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే, సిగ్గుపడి దాచుకోకుండా, 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆపేసే అవకాశం అంత ఎక్కువ.

తమ్ముడు బెంగళూరు ఆఫర్‌కే సంతకం పెట్టి ఫిబ్రవరిలో చేరాడు. ఆఫీసుకు నడిచి వెళ్లే దూరంలో పీజీ తీసుకున్నాడు. దూరంగా ఉన్నదానికంటే నెలకు 1,500 ఎక్కువే, కానీ ప్రయాణానికి అనుకున్న 2,500 మిగులుతోంది. పదిహేను రోజులకోసారి శుక్రవారం రాత్రి బస్సుకు వస్తాడు. పోయిన వారం పిన్ని ఫోన్ చేసింది. బాబాయి మిద్దె మీద గదికి రేకులు తీసేయించి స్లాబు వేయిస్తున్నాడట, పడమటి కిటికీ మూయించి ఉత్తరం వైపు పెట్టిస్తున్నాడట. రెండేళ్లకు వాడు ఇంటి నుంచి పని అడిగేనాటికి గది సిద్ధంగా ఉండాలని.